అప్‌డేట్: టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్-2తో ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్) మ్యాథ్స్‌కి అప్లై చేయొచ్చా?

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. బీఎస్సీ ఎంపీసీ, బీఈడీలో మ్యాథ్స్ మెథడాలజీ (బోధనా పద్ధతుల సబ్జెక్టు), టెట్ పేపర్-2 మ్యాథ్స్-సైన్స్ ఉంటే తెలంగాణ డీఎస్సీ (టీచర్ పోస్టుల భర్తీ)లో స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్‌కి సరిపోతుందా అని అడిగాను. సరిపోతుంది. టెట్‌లో లెక్కలకు విడిగా పేపర్ లేదు. పేపర్-2లో మ్యాథ్స్-సైన్స్‌కి ఉండే 60 మార్కుల్లో సగం లెక్కలు, సగం సైన్స్ (బయాలజీ కూడా చదవాల్సిందే, తప్పదు).

సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో పట్టిపట్టి చూసింది మెథడాలజీనే. నా బీఈడీ ప్రొవిజనల్ సర్టిఫికెట్‌లో ఆ వివరమే లేదు, బీఈడీ మార్కుల మెమోలో ఉంది. మెమో ఒరిజినల్ పట్టుకెళ్లమన్న సలహాతో పని అయిపోయింది.

టెట్ సర్టిఫికెట్‌కి ఏడేళ్లు (పాత గడువు) దాటాయన్న బెంగ అనవసరం. 2021లో వచ్చిన మార్పుతో పాతవి కూడా జీవితకాలం చెల్లుతాయి. మళ్లీ రాయడం వెయిటేజీ (డీఎస్సీ మార్కులకు కలిపే టెట్ మార్కుల వాటా) కోసమైతేనే: 20 శాతం లెక్కన 150కి 90 వస్తే 12, 120 వస్తే 16. ఈ పోస్టుకి పీజీ అక్కర్లేదు.