"చల్లా యంబలి"లో ఆ దీర్ఘం ఎక్కడిది?

మంచుదారి: మినియాపోలిస్‌లో ఇది నా మొదటి చలికాలం. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతోంది. టోపీ పెట్టుకుని, కోటు మీద కోటు తొడుక్కుని బస్సు కోసం నిలబడితే శ్రీనాథుడి కన్నడ రాజ్యలక్ష్మి పద్యం నోట్లో తిరుగుతోంది. విజయనగరంలో రాజదర్శనం దొరక్క చెప్పాడంటారే, అది: "కుల్లా యుంచితి, కోక చుట్టితి, మహాకూర్పాసముం దొడ్గితిన్ / వెల్లుల్లిన్ దిలపిష్టమున్ మెసవితిన్ విశ్వస్త వడ్డింపగా / చల్లా యంబలి ద్రావితిన్ రుచుల దోసంబంచు పోనాడితిన్ / తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయలేదా? నేను శ్రీనాథుడన్." మూడో పాదం దగ్గర ఆగిపోతున్నాను. "చల్లా యంబలి ద్రావితిన్" అనా, "చల్లా నంబలి" అనా? మా తాతయ్య ఒకలా, బడిలో మాస్టారు ఒకలా చదివేవారు. ఇంకొక్కటి. "దయలేదా? నేను శ్రీనాథుడన్" అన్నది ప్రాధేయపడటమా, నిలదీయటమా? ఈ మధ్య మనసు బాగుండటం లేదు, ఇక్కడ ఎవరితోనూ మాట పెగలదు. ఆ పాదం పైకి చదువుకున్నప్పుడు కాస్త నిలదొక్కుకుంటున్నాను. అందుకే అడుగుతున్నాను.

గణవిభజన: యంబలే. శార్దూలవృత్తానికి మొదట మగణం (మూడూ గురువులు) కావాలి. "చల్లయం" అంటే నడుమ లఘువు పడి రగణం అవుతుంది కనుక "ల్ల"కు దీర్ఘం ఇచ్చారు. అంతకు మించి అందులో ఏమీ లేదు.

పాతబీరువా: గణం కోసం అక్షరాన్ని సాగదీసే గతి శ్రీనాథుడికి పట్టిందంటే నేను ఒప్పుకోను. అది సముచ్చయ దీర్ఘం, అంటే "ఇదీ అదీ" అని కలిపి చెప్పే దీర్ఘం. చల్లా (మజ్జిగా), అంబలీ రెండూ తాగాడు. చల్లని అంబలి అని చెప్పే టీకలు నాకు రుచించవు.

గణవిభజన: సముచ్చయమైతే రెండో మాటకూ దీర్ఘం రావాలి. పాలూ పెరుగూ అంటాం. ఇక్కడ "అంబలీ" అంటే తరువాతి సగణం (రెండు లఘువులు, ఒక గురువు) చెడుతుంది.

పాతబీరువా: అమ్మానాన్న, అన్నాచెల్లెలు, అక్కాబావ. వీటిలో రెండో మాటకు దీర్ఘం ఏదండీ?

తుంగభద్ర ఒడ్డు: మాది బళ్లారి వైపు. మీరిద్దరూ అంబలి దగ్గరే ఆగారు గానీ, ఇది అచ్చంగా చలికాలపు పద్యం. కూర్పాసం, అంటే ఒంటికి తొడిగే చొక్కా, చూడండి. ఋతుసంహారంలో హేమంతంలోనూ శిశిరంలోనూ కాళిదాసు ఆడవాళ్లకు తొడిగించింది ఆ కూర్పాసకమే. తిలపిష్టం అంటే నువ్వుల ముద్ద. మా దగ్గర సంక్రాంతికి నువ్వులూ బెల్లమూ పంచుకోకుండా పండుగే లేదు. నెత్తిన కుల్లాయి, ఒంటికి కోక, వేడి పుట్టించే వెల్లుల్లి. ఇంకేం కావాలి?

పాతబీరువా: హంపి బండల మధ్య అంత చలి ఎక్కడిదండీ? కుల్లాయి అనే టోపీ పేరు పారసీక కులాహ్ నుంచి వచ్చింది, అది కొలువు వేషం. 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, విజయనగర రాజు ప్రౌఢదేవరాయలు సాటిను కబా (పొడవాటి అంగీ) తొడిగి ఉన్నాడని రాశాడు. రాజే ఆ వేషంలో ఉంటే దర్శనానికి వచ్చిన పరాయి ఊరి కవి పంచె, ఉత్తరీయంతో లోపలికి వెళ్లగలడా? ఆయన్ను వణికించింది చలి కాదు, పరాయితనం.

పల్నాటి గట్టు: తిలలంటే, శ్రీనాథుడు చివర్లో బొడ్డుపల్లెలో సేద్యం చేసి నష్టపోయినప్పటి చాటువు గుర్తుకు రాలేదా ఎవరికీ? "కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము, బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు." కన్నడ దేశంలో నువ్వుల ముద్ద ఇష్టం లేక మింగినవాడు, చివరి రోజుల్లో సొంత చేలో నువ్వులు పిట్టల పాలై ఏడు వందల టంకాల శిస్తు కట్టలేకపోయాడు. శిక్షగా నగరివాకిట నల్లగుండు (బండరాయి) భుజాన మోశాడు. ఆ సీసం ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పూడుకుపోతుంది. అప్పుడు కూడా "అరుగుచున్నాడు శ్రీనాథుఁ డమరపురికి" అని తన పేరు తానే చెప్పుకున్నాడు, చూశారా!

గణవిభజన: చాటువులన్నీ శ్రీనాథుడివేనని తేలలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఏరి కూర్చకపోతే వీటిలో సగం మనకు దక్కేవి కావు. అది వేరే చర్చ. నాకు అసలు చిక్కు "విశ్వస్త". "విశ్వస్తావిధవే సమే" అని అమరకోశం, అంటే విశ్వస్త అన్నా విధవ అన్నా ఒకటే. వితంతువు వడ్డించిందని చెబుతారు. ఆ కాలపు బ్రాహ్మణ వితంతువు వెల్లుల్లి ముట్టుకుంటుందా?

మంచుదారి: అందరికీ కృతజ్ఞతలు. కానీ నిలదీయటమా, ప్రాధేయపడటమా అన్నది అలాగే ఉండిపోయింది.

తుంగభద్ర ఒడ్డు: తల్లీ అని పిలిచాక నిలదీయటం ఏమిటి? ప్రార్థనే.

పల్నాటి గట్టు: తల్లిని కాక ఇంకెవరిని నిలదీస్తాం? క్రియలు చూడండి. ఉంచితి, చుట్టితి, తొడ్గితిన్, మెసవితిన్, త్రావితిన్, పోనాడితిన్. మూడు పాదాల్లో ఆరు, అన్నీ వాళ్ల కోసం తాను చేసినవి, వదులుకున్నవి. చివరికి నాలుక మీది రుచి కూడా దోషమని వదిలేశాడు. నాలుగో పాదంలో అలాంటి క్రియ ఒక్కటి లేదు. ఇవ్వగలిగినవన్నీ ఇచ్చాక ఇవ్వనిది పేరొక్కటే. ఆ మనిషే తరువాత ఆ కొలువు పండితుడు గౌడడిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్క పగలగొట్టించి, ముత్యాలశాలలో దీనారటంకాల తీర్థమాడాడు.

పాతబీరువా: ఆ బంగారు నాణేల కనకాభిషేకం దాకా వెళ్లవద్దు. చాటువు అక్కడ ఆగింది, బంగారం ఇంకా రాలేదు. నన్నడిగితే "దయలేదా" దగ్గర గొంతు తగ్గించి, "నేను" దగ్గర ఎత్తి చదవాలి.

పరదేశి పోస్టు: మంచుదారి గారూ, నేను సెయింట్ పాల్‌లో, అంటే నదికి ఇవతలే ఉంటాను. ఆదివారం మా ఇంట్లో నలుగురం కూర్చుని మనుచరిత్ర చదువుతున్నాం. పాదలేపం కరిగి ప్రవరుడు మంచుకొండల్లో చిక్కుకున్న చోట ఉన్నాం. రండి. మనసు బాగుండటం లేదని రాశారు, ఎవరూ దాని మాట ఎత్తలేదు. ఆదివారం దాకా ఆగనక్కర్లేదు, నా ఫోను నంబరు మీకు విడిగా పంపాను. అర్ధరాత్రయినా చేయండి.

మంచుదారి: నంబరు అందింది, రాత్రి చేస్తాను. ఆదివారం తప్పకుండా వస్తాను, "యంబలి" అనే చదువుతాను. గణవిభజన గారూ, విశ్వస్త అంటే నమ్మకస్తురాలు అని ఎందుకు తీసుకోకూడదు? పరాయి ఊళ్లో నమ్మి అన్నం పెట్టిన మనిషి.

గణవిభజన: తీసుకోకూడదు. ఆ అర్థమైతే పద్యంలో ఫిర్యాదు బలం తగ్గుతుంది.

పాతబీరువా: తగ్గదు. వెల్లుల్లి చిక్కు కూడా విడిపోతుంది.