ఒడియా బడిలో తెలుగు పిల్లలకు ఇంగ్లీషు: విడిగా సాయం కావాలా, అక్కర్లేదా?

వంశధార (గుణుపురం):
సాయంత్రాలు మా అరుగు మీద మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. అందరూ సర్కారు బడి పిల్లలే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నిన్న ఒక పాప "విండో" అని చదివింది. అంటే ఏంటమ్మా అని అడిగితే "ఝరకా" అని టక్కున చెప్పింది. మరి ఝరకా అంటే? తల దించేసుకుంది. నేను లేచి కిటికీ రెక్క తెరిచి మూశాను. "ఓ, కిటికీయా!" అంది, మొహమంతా వెలిగిపోయింది. నోటుబుక్కు తిరగేస్తే ప్రతి ఇంగ్లీషు మాట కిందా ఒడియాలో అర్థం ముత్యాల్లా రాసుకుంది. ఆ అర్థాలకే దానికి అర్థం తెలియదు.

ఇంగ్లీషు పీరియడులో మొదటి మూడు నాలుగేళ్లైనా తెలుగులో చెప్పే మనిషి ఒకరుండాలని నా వాదన. బడిలో అడిగితే "అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఇంకేం కావాలి" అన్నారు. మీరేమంటారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
నేను ఒప్పుకోనమ్మా. 1936 ఏప్రిల్ 1 నుంచి మనం ఒడిశాలో ఉన్నాం. ఇక్కడ బతకాలంటే ఒడియా రావాలి. నేను ఒడియా మీడియంలోనే చదివాను, ఇంగ్లీషు కూడా వచ్చింది. పైగా ఆ పిల్లల్ని వేరే కూర్చోబెట్టి చెబితే "తెలెంగా పిల్లలు" అని మిగతావాళ్లు వేరుగా చూస్తారు. ఆ బాధ నేను పడ్డాను. ఆ జీతంతో ఒక మంచి ఇంగ్లీషు టీచరును వేయమనండి, బడి మొత్తం బాగుపడుతుంది.

నాగావళి (రాయగడ):
మా అక్కావాళ్లు అమెరికాలో ఉంటారు. పిల్లాణ్ణి అక్కడి సర్కారు బడిలో చేర్చినప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ముందే రాయించుకున్నారట. తెలుగు అని రాశాక వాడికి ఇంగ్లీషు ఎంతొచ్చో చూసి, రోజూ కాసేపు విడిగా ఒక టీచరు చెప్పేవారు. దీని వెనక ఒక కేసుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లల తరఫున కోర్టుకెక్కారు. 1974లో లా వర్సెస్ నికల్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది: పాఠమే అర్థం కాని పిల్లలకు అవే పుస్తకాలు, ఆ టీచర్లనే ఇచ్చి సమానంగా చూశామంటే కుదరదని. వంశధార గారికి బడిలో వచ్చిన జవాబు సరిగ్గా అదే కదా!

మహేంద్రతనయ:
ఆ సాయం తెలుగులో చేశారా? ఇంగ్లీషులోనే కదా. కాలిఫోర్నియాలోనైతే 1998లో జనమే ఓటేసి, పిల్లల సొంత భాషలో చెప్పడాన్ని చాలావరకు ఆపించారు.

నాగావళి:
2016లో ఆ జనమే మళ్లీ ఓటేసి దాన్ని తీసేశారు, అదీ చెప్పండి అన్నా. అయినా అక్కడ బస్సులో, ఆటలో, టీవీలో అంతా ఇంగ్లీషే. మన పిల్లలకు ఆ ఒక్క పీరియడు దాటితే ఇంగ్లీషు వినపడేదెక్కడ?

సవర కొండలు:
మా పిల్లల సంగతి కూడా తలుచుకోండి. ఒడిశాలో 2006లో 10 గిరిజన భాషలతో మొదలైన బహుభాషా విద్యలో మా సవర ఉంది. ముందు ఇంటి భాష, దాన్ని పట్టుకుని ఒడియా, ఆ తర్వాత ఇంగ్లీషు. టీచరు దొరికిన చోట పిల్లలు బడి మానట్లేదు, దొరకని చోట పుస్తకాలు బీరువాలో ఉంటున్నాయి. మీరు అడిగేది వింత కోరికేం కాదు.

వంశధార:
పర్లాకిమిడి అన్నా, వేరే కూర్చోబెట్టొద్దన్న మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను దాని గురించి ఆలోచించలేదు. పిల్లలు అదే బెంచీలో ఉండాలి, చెప్పే మనిషే వాళ్ల దగ్గరికి రావాలి. ఒడియా వద్దని నేనెప్పుడూ అనను, నా కొడుకు ఒడియాలోనే చదివాడు.

కానీ మీ ఊరి మాటే గుర్తు చేస్తాను. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే మాస్టారు. సవర పిల్లలను ముందు తెలుగు నేర్చుకుని రమ్మనలేదు. తానే సవర నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, వాళ్లకు బడులు పెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయనకు దండలేస్తాం. మరి మన పిల్లల విషయంలో ఆ దారి ఎందుకు పనికిరాదు? ప్రాథమిక స్థాయిలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన అందేలా చూడాలని 1956 నుంచీ రాజ్యాంగంలో 350ఎ ఉంది.

ఇంకో సంగతి. ఆంధ్రా బడుల్లో ఇచ్చే పుస్తకాలు శ్రీకాకుళం నుంచి తెప్పించాను. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఎంతో ఆశగా ఆ పాప చేతికిచ్చాను. అటూ ఇటూ చూసి "టీచర్, ఈ పక్క అక్షరాలు నాకు రావు" అంది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే అంటున్నాను, పుస్తకంతో తీరేది కాదు ఇది, పక్కన కూర్చుని నోటితో చెప్పే మనిషి కావాలి.

శనివారం బడి కమిటీ మీటింగు ఉంది. చేరేటప్పుడు రాయించుకున్న మాతృభాష చూసి, ఇంగ్లీషు పీరియడుకి ఆ భాష వచ్చినవాళ్లను, తెలుగైనా సవరైనా, పంపమని దరఖాస్తు ఇస్తాను. నా ఒడియా రాత అంతంతమాత్రం అన్నా. మీరు దిద్ది పెడతారా?

మహేంద్రతనయ:
పంపండమ్మా. వేరే కూర్చోబెట్టకూడదన్న మాట మొదటి లైన్లోనే రాయండి.