కోల్డ్ హెడింగ్: తల అంచు పగులుతోంది, లోపం వైరుదా, డైదా?

ప్రశ్న: మాది కోల్డ్ హెడింగ్ పని, అంటే వైరు కొసను వేడి చేయకుండానే కొట్టి బోల్టు తలలాంటిది చేయడం. 8 మి.మీ. వైరు, 0.35 శాతం కార్బన్ స్టీలు. తల వ్యాసం 18, మందం 4 మి.మీ. ఒకే దెబ్బలో కొడుతున్నాం. కొన్ని ముక్కలకు తల అంచు పగులుతోంది, కొన్నిటికి తల కింద మడతలా గీత పడుతోంది. డై (వైరును పట్టి ఉంచే అచ్చు) కొత్తదే. ఎక్కడ చూడాలి?

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులండీ, కలిపి చూడకండి. ముందు మడత సంగతి. తలకు పట్టే వైరు లెక్కేయండి: 18×18×4ని 8×8తో భాగిస్తే 20.25 మి.మీ. అంటే వ్యాసానికి రెండున్నర రెట్లు. డై బయట నిలబడే పొడవు రెండుంబావు రెట్లు, మీకైతే 18 మి.మీ., దాటితే వైరు నిటారుగా కుదించుకోదు, వంగిపోతుంది. వంగినచోట లోహం తన మీదే పడి మడతవుతుంది. అది ఎంత నొక్కినా అతుక్కోదు. రెండు దెబ్బలకు మారండి. మొదటి పంచ్‌కు (వైరు కొసను కొట్టే పనిముట్టుకు) శంఖువు ఆకారపు గుంట ఉండాలి, అది లోహాన్ని పోగుచేస్తుంది. రెండోది తలను పరుస్తుంది. కోత కత్తి అరిగి వైరు వాలుగా తెగుతున్నా తల ఒక పక్కకు పోతుంది, అదీ చూసుకోండి.

అడిగినవారు: రెండు దెబ్బలైతే పగులు కూడా పోతుందా?

మరో సభ్యుడు: పోదండీ. ఎన్ని దెబ్బలు కొట్టినా అంచు చుట్టుకొలత చివరికి 2.25 రెట్లు సాగాల్సిందే. పగులు దిశ చూడండి. నిలువుగా ఉండి, తల దిగి కాడ మీదికీ సాగితే అది వైరులో ముందే ఉన్న సన్నని నెర్రె. ఆ కాయిల్ (వైరు చుట్ట) పక్కన పెట్టాలి. తలకే పరిమితమై, 45 డిగ్రీల వాలులో ఉంటే సాగే గుణం చాలలేదన్నమాట. ఎనీలింగ్ (వైరును వేడిచేసి మెల్లగా చల్లార్చి మెత్తబరచడం) చేశారని కాగితం మీద ఉంటే చాలదు, స్టీలులోని కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) పలకలు గుండ్రని గుళ్లుగా మారాయో లేదో వైరు ఇచ్చినవారిని మైక్రోస్కోపులో చూపించమనండి. పలకలు మిగిలితే పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

కాయిల్ ఎక్కించేముందు 12 మి.మీ. ముక్క కోసి 2.4 మి.మీ. అయ్యేదాకా ప్రెస్సులో నొక్కండి. మీ తల ఎంత కుదించుకుంటోందో ఇదీ దాదాపు అంతే. అంచు నెర్రెలివ్వకుంటే ఆ వైరు పనికొస్తుంది.

పంచ్ ముఖం కూడా వేలితో తడిమి చూడండి. లోహం గరుకుగా అంటుకుని ఉంటే జారుడు కోసం వైరుకు వేసే ఫాస్ఫేటు, సబ్బు పూత చాలలేదని అర్థం. రాపిడి పెరిగితే తల పీపాలా ఉబ్బి, అంచు మీద లాగుడు ఎక్కువవుతుంది. అప్పుడు మంచి వైరు కూడా పగులుతుంది.