'ఒల్సు'లో మొదటి అక్షరం ఏంటి?

రెండ్రోజుల్నుంచి ఒక ముక్క బుర్రలో తిరుగుతోంది. కొరియా బ్యాండ్ బీటీఎస్ వాళ్ల 'ఐడల్' (2018) పాట కోరస్‌లో 'ఓల్సూ' అని అరుపు ఉంటుంది కదా, అది ఓ నా ఎ నా? మా పాపేమో 'అల్సూ' అంటుంది. అర్థం 'భళా' అనుకోవచ్చా?

— మూడూ కాదండీ. పెదాలు గుండ్రంగా చెయ్యకుండా 'ఒ' అనండి, అదీ శబ్దం. రోమన్ లిపిలో రెండచ్చులు పక్కపక్కన రాస్తారు కాబట్టి మనోళ్లు 'ఇయో' అని చదివేస్తున్నారు. పేపర్లలో సియోల్ అని రాసే ఊరు కూడా వాళ్ల నోట్లో దాదాపు 'సొఉల్'. కాబట్టి 'ఒల్సు'.

— 'ఒ' అని రాస్తే జనం గుండ్రంగానే పలుకుతారు సార్, నా ఓటు 'అ'కే, పాప చెవే కరెక్టు.

— అక్షరం సరే, అర్థం దగ్గర నాకు పేచీ ఉంది. పాన్సోరి అనే కొరియా కథాగానంలో ఒకళ్లు పాడతారు, ఒకళ్లు డోలు కొడతారు, ఆ డోలాయనా జనమూ మధ్యమధ్యలో అందించే మాటల్ని చుయింసే అంటారు, ఇది ఆ జాతి. పాట అయ్యాక మెచ్చుకునే భళా కాదు, పాడేవాడిని ముందుకి తోసే మాట. బుర్రకథలో వంతల పని.

— దాని పక్కనే వచ్చే 'తొంగిదొక్ కుంగ్ తొరొరొ' ఎవరూ పట్టించుకోరేం? అవి చాంగు అనే, రెండు పక్కలా వాయించే కొరియా డోలు జతులు. తొంగ్ అంటే రెండు పక్కలా ఒకేసారి, కుంగ్ ఎడమ పక్క, తొరొరొ అంటే కుడి పుల్ల దొర్లించడం. అసలు ఈ జతి నడిచే గుత్‌గొరి తాళంలో 12 మాత్రలు, మూడేసి చొప్పున నాలుగు గుంపులు. అందుకే దక్షిణాఫ్రికా డర్బన్‌లో పుట్టి ఈ పాటలోకి వచ్చిన గోమ్ అనే డాన్స్ బీట్ మీద ఈ జతి అంత హాయిగా కూర్చుందని నా సిద్ధాంతం.

— ఇంతదూరం ఎందుకు, అన్నమయ్య 'తందనాన ఆహి, తందనాన పురె' అన్నాడుగా! ఆహి, పురె, భళా, మూడూ చుయింసేలే. జనం చిందేసే పాటలోకి పరబ్రహ్మాన్ని దించాడు మహానుభావుడు.

— 'పురే' అండీ, దీర్ఘం.

— హ్రస్వమే. పాడేటప్పుడు సాగుతుంది, రాతలో కాదు.

— నెమలి పురి విప్పడంలో పురి కూడా ఇదేనేమో?

— కాదన్నా, అది నామవాచకం, ఇది ఉత్త కేక. నిన్న రాత్రి పెద్దగా పాడి చూశా, 'పురె' అని పొట్టిగా కొడితేనే తర్వాతి 'తందనాన'కి ఊపొస్తోంది.

— ఊపు సాక్ష్యం కాదు తమ్ముడూ. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకు కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?