పాప మెడిసిన్ అంటోంది, ఇక్కడ జీపీఏ లెక్క ఎలా?

ఫ్రిస్కో కొత్తవాళ్లం:
అందరికీ నమస్కారం. ఎల్1 వర్క్ వీసా మీద హైదరాబాద్ నుంచి ఈమధ్యే వచ్చాం. పాప పదకొండో తరగతి, డాక్టర్ అవుతానంటోంది. మనకి నీట్ ర్యాంకొకటే తెలుసు. ఇక్కడ జీపీఏ అంటున్నారు, ఏ జీపీఏ? డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్ వచ్చే కోర్సు) హిస్టరీ తీసుకుంది, బీ వచ్చేలా ఉంది. టెన్షన్‌గా ఉంది.

ఎడిసన్ అక్క:
తమ్ముడూ, ఇక్కడ మెడిసిన్ కాలేజీ డిగ్రీ తర్వాతే, హైస్కూల్ జీపీఏ మెడికల్ స్కూల్ దాకా రాదు. డ్యూయల్ క్రెడిట్ మాత్రం వస్తుంది, అది కాలేజీ గ్రేడే కదా. ఏపీ (హైస్కూల్లో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్ష క్రెడిట్‌కి గ్రేడ్ ఉండదు కాబట్టి లెక్కలోకి రాదు. దరఖాస్తు ఆమ్‌కాస్‌లో (మెడికల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తు సర్వీసు, AMCAS) పెడతారు. వాళ్లు మొత్తం జీపీఏ ఒకటి, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌కి విడిగా ఇంకొకటి కడతారు. చేరినవాళ్ల సగటు జీపీఏ 4కి 3.8 దగ్గర, ఎంక్యాట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) స్కోరు 512 దగ్గర ఉంటోంది.

హ్యూస్టన్ బాబాయ్:
ముందు వీసా సంగతి చూసుకోండి. గ్రీన్‌కార్డ్ లేనివాళ్లని చాలా స్కూళ్లు తీసుకోవు. 21 నిండితే పాప మీ డిపెండెంట్‌గా ఉండదు. గ్రేడ్ గురించైతే దిగులెందుకు, డీవో (ఆస్టియోపతిక్ మెడికల్) స్కూళ్లకి ఆ కోర్సు మళ్లీ చేస్తే పాత గ్రేడ్ తీసేస్తారు.

ఎడిసన్ అక్క:
బాబాయ్ గారూ, అది 2017లోనే ఎత్తేశారు. ఇప్పుడు కోర్సు రెండుసార్లు చేస్తే రెండూ లెక్కే, ఆమ్‌కాస్‌లో ఎప్పుడూ అంతే.

హ్యూస్టన్ బాబాయ్:
సరేనమ్మా. కానీ వాళ్లుండేది టెక్సాస్. ఇక్కడి ప్రభుత్వ స్కూళ్లకి టీఎండీఎస్ఏఎస్ అని వేరే దరఖాస్తు సర్వీసు ఉంది, అందులో ప్లస్‌లూ మైనస్‌లూ ఉండవు. ఏ మైనస్ (A-) పూర్తి 4.0 అవుతుంది. న్యూజెర్సీ లెక్కలు ఇక్కడ చెప్పకండి.

ఎడిసన్ అక్క:
బీ ప్లస్ 3.3 కాస్తా 3.0 అవుతుందని కూడా చెప్పండి మరి!

ప్లేనో అమ్మ:
మీ వాదన తర్వాత. ట్రాన్స్‌క్రిప్ట్‌ల (కాలేజీ ఇచ్చే గ్రేడ్ల పత్రాల) జాగ్రత్త చెప్తా వినండి. మా వాడు ఒక సమ్మర్‌లో ఊరి కమ్యూనిటీ కాలేజీలో ఒకే ఒక కోర్సు చేశాడు. ఒక్క కోర్సైనా ఆ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ పంపాల్సిందే. జూన్‌లో అడిగితే అకౌంట్ మీద హోల్డ్ ఉందన్నారు. ఏమిటయ్యా అంటే పార్కింగ్ ఫైన్. వాడికి అప్పటికి కారే లేదు! రిజిస్ట్రార్ ఆఫీసు బర్సర్‌ని (ఫీజులు చూసేవాణ్ణి) అడగమంటుంది, బర్సర్ పోలీసు విభాగాన్ని అడగమంటాడు, అక్కడ ఫోనెత్తే నాథుడు లేడు. చివరికి నేనే వెళ్లి కౌంటర్ ముందు కూర్చున్నా. వేరే విద్యార్థి ఐడీతో కలిసిపోయిందట. సారీ కూడా లేదు. ఈలోపు ఫైలు వెరిఫికేషన్ క్యూలోకే వెళ్లలేదు. దరఖాస్తు ముందు పెట్టినవాళ్లని ఇంటర్వ్యూలకి ముందు పిలుస్తారు కదా, మా వాడికి పిలుపులు ఆలస్యంగా వచ్చాయి. వీలైతే పాప కోర్సులన్నీ ఒక్క కాలేజీలోనే చేయించండి.

ఆస్టిన్ ఇంజినీర్:
ఇంజినీరింగ్ చేసి మెడిసిన్‌కి వెళ్తే జీపీఏ తక్కువైనా సర్దుకుంటారని మనవాళ్లలో నమ్మకం. నాకు ఒప్పుదల లేదు. పైగా ఆమ్‌కాస్‌లో ఇంజినీరింగ్, కంప్యూటర్ కోర్సులు సైన్స్ జీపీఏలో కలవవు. సర్క్యూట్ల కోర్సులో ‘ఏ’ గ్రేడ్ తెచ్చుకున్నా అటు ఉపయోగం లేదు.

హ్యూస్టన్ బాబాయ్:
మా అన్నయ్య కొడుకు ఇంజినీరింగే, సీటొచ్చింది.

ఆస్టిన్ ఇంజినీర్:
జీపీఏ ఎంతో చెప్పండి బాబాయ్.

హ్యూస్టన్ బాబాయ్:
3.9.

ఫ్రిస్కో కొత్తవాళ్లం:
అందరికీ థాంక్స్. హిస్టరీ డ్రాప్ చెయ్యడానికి ఇంకా టైముంది. డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడితే?

ఎడిసన్ అక్క:
జీపీఏలో కలవదు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపిస్తుంది. ఒక్కటైతే ఎవరూ అడగరు. కానీ హిస్టరీలో బీకే డ్రాప్ చేస్తే, రేపు ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఏం చేస్తుంది? ఉండనివ్వు.