పొగ వాసన లేకపోతే అసలు మెస్కల్ కాదా?

ఆవిరిబట్టీ: మెక్సికోలోని వాహాకా నుంచి వచ్చిన మెస్కల్ సీసా కొన్నాను, అదే అగేవ్ అనే మొక్క దుంపల్ని కాల్చి తీసే సారా. మీద ‘ఆర్టెసానల్’ (చేతిపనితో చేసినది) అని ఉంది, పొగ మాత్రం సున్నా. గోతిలో కాల్చని సరుకుకి అంత రేటా?

మట్టికుండ: పొగ ఎక్కువుంటే గొప్పేం కాదు, గొయ్యి తొందరపడి మూశారని అర్థం. కట్టెలు కాలి నిప్పులై, రాళ్లు ఎర్రబడి, పొగ ఆగాకే తడి అగేవ్ పిప్పి పరిచి అగేవ్ దుంపలు పేర్చాలి. పిప్పి పొర పలచనైతే రాళ్లకు తగిలినవి మాడి, ఆ చేదు సారాలోకి దిగుతుంది. పైన చాపలు, మట్టి కప్పి మూడు నుంచి ఐదు రోజులు. మట్టి పగిలితే గాలి చొరబడి లోపల మళ్లీ మంట లేస్తుంది.

పాతకాపు: అసలు గొయ్యే తప్పనిసరి కాదు. మెస్కల్‌కి మెక్సికో పెట్టిన చట్టం నామ్-070 ప్రకారం ఆర్టెసానల్‌కి గొయ్యి గానీ, నేల పైన కట్టిన రాతి, ఇటుక పొయ్యి గానీ చాలు. ఆటోక్లేవ్, అంటే ఆవిరి ఒత్తిడితో ఉడికించే ఉక్కు తొట్టి, వాడితే ఉత్త ‘మెస్కల్’ అనే రాయాలి. పొయ్యిలో ఉడికించి ఉంటారు.

మట్టికుండ: ఆ చట్టమే ఆర్టెసానల్‌లో దుంపల్ని చీల్చే మిషన్‌కీ ఒప్పుకుంది. ‘ఆన్సెస్ట్రల్’ (పూర్వీకుల పద్ధతి) అనాలంటే మాత్రం మట్టికుండలోనే కాచాలట. వాహాకాలోని శాంతా కటరీనా మినాస్ ఊరివాళ్లకి సరే, వాళ్లవి కుండలే. తాతల నాటి నుంచి రాగి బట్టీ పెట్టేవాళ్లు పూర్వీకులు లేనివాళ్లా?

సత్తెన్న: ఇంత గొడవెందుకు, సీసా ఊపండి. ముత్యాల్లాంటి బుడగలు నిలిస్తే మంచి సరుకు.

పాతకాపు: బుడగలు చెప్పేది ఘాటు, అంటే ఆల్కహాల్ శాతం గురించే. 50 శాతం అటూఇటూగా ఉంటే నిలుస్తాయి. బాగా పెరిగినా తగ్గినా పగిలిపోతాయి. నురగనిచ్చేది ఏది కలిపినా నిలుస్తాయి.

సత్తెన్న: అక్కడ మేస్త్రీలు వెదురు గొట్టంతో పీల్చి గిన్నెలోకి వదిలి చూసేది ఇవే కదా?

మట్టికుండ: చూస్తారు. రెండోసారి కాచేటప్పుడు ముందు ధార, నడి ధార, చివరి ధార ఎక్కడ విడదీయాలో దాంతోనే తేలుస్తారు. ఘాటు దించడానికి చాలామంది నీళ్లు పోయరు, చివరి ధారే కలుపుతారు. ల్యాబ్ కాగితం కన్నా నాకు ఆ మేస్త్రీ నాలుకే నమ్మకం.

పాతకాపు: నాలుకకి మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ తెలుస్తుందా?

సత్తెన్న: ముందు ధార పారబోస్తే పోతుందిగా.

పాతకాపు: పోదు. అగేవ్‌లోని పెక్టిన్ నుంచి పుడుతుంది, ధార మొదలు నుంచి చివరిదాకా వస్తూనే ఉంటుంది. అందుకే 100 మి.లీ. శుద్ధ ఆల్కహాల్‌కి 300 మి.గ్రా. దాటకూడదని హద్దు పెట్టారు. తాగేవాడి ప్రాణం మేస్త్రీ అనుభవం మీద వదిలేద్దామా?

మట్టికుండ: పరీక్ష వద్దన్నానా? ‘మెస్కల్’ అని రాసుకోవడానికి కావాల్సిన సర్టిఫికెట్ ఖర్చు చిన్న బట్టీకి మోయలేని భారం. అది లేకే గొయ్యి, కుండ, చెక్క తొట్టి అన్నీ ఉన్నవాడు కూడా ‘అగేవ్ సారా’ అని రాసి అమ్ముకుంటున్నాడు. మెస్కల్ పేరు మాత్రం ఆటోక్లేవ్ కంపెనీది. నా కడుపుమంట అదీ.

పాతకాపు: అలాగని హద్దులు ఎత్తేస్తే, రేపు చెరకు స్పిరిట్ కలిపినవాడూ అదే పేరు పెట్టుకుంటాడు.

ఆవిరిబట్టీ: నా సీసా సంగతి చెప్పండి బాబూ. ఎస్పదిన్ రకం అగేవ్, 38 శాతం అని ఉంది.

మట్టికుండ: 38 అంటే నీళ్లు పోసే దించి ఉంటారు. వాసనలు అక్కడే పలచబడ్డాయి. ఈసారి 45 పైన ఉన్నది, ఊరి పేరు, మేస్త్రీ పేరు రాసున్నది చూడు.

పాతకాపు: 35 నుంచి 55 దాకా చట్టం ఒప్పుకుంటుంది.

మట్టికుండ: మళ్లీ చట్టమే!