గోల్ఫ్ కోసం బ్రెజిల్ దాకా పోవాల్నా, బాలి చాల్నా?

హన్మకొండ నడక:
మేం నలుగురం దోస్తులం, ఇద్దరం అరవై దాటినోళ్లం. నెలకు రెండుసార్లు చీకటితోనే బయల్దేరి గోల్కొండ నయా ఖిలా కాడ గోల్ఫ్ ఆడొస్తం. వచ్చే ఏడు బ్రెజిల్ పోవాలని నా కోరిక. 112 ఏండ్ల తర్వాత 2016ల రియోల గోల్ఫ్ మళ్లా ఒలింపిక్స్‌లకు వచ్చింది. మన అదితి అశోక్, 18 ఏండ్ల పిల్ల, మొదటి రెండు రౌండ్లు 68, 68 దెబ్బల్లనే ముగించింది, ఈ ఆటల దెబ్బలు ఎంత తక్కువైతే అంత మేలు. టీవీ ముందు నుంచి లేవబుద్ధి కాలే. ఆ గడ్డి మీద ఒక్కసారన్న ఆడాలె. మా దోస్తేమో ఇండోనేషియాల బాలి చాలంటడు. రెండు వారాల్ల రియో, సావో పాలో, బహియా, అమెజాన్ అన్నీ అయితయా? మీరేమంటరు?

కాజీపేట జంక్షన్:
పో అన్నా, తప్పకుండ పో. కని అన్నీ చూడాలన్న ఆలోచన ఇడిసిపెట్టు. ఆ దేశం మన దేశానికి రెండున్నర రెట్లు. హైదరాబాద్ నుంచి దుబాయ్, ఆడికెళ్లి ఇంకో పద్నాలుగు, పదిహేను గంటలు. మన గడియారానికీ రియో గడియారానికీ ఎనిమిదిన్నర గంటల తేడా. ఒళ్లు కుదుటపడేసరికే రెండు మూడు రోజులు పోతయి.

నేను రైల్వేల చేసినోణ్ని కాబట్టి సావో పాలో గోల్ఫ్ క్లబ్ అంటే నాకు మనసు. 1901ల దాన్ని పెట్టింది రైలు పట్టాలేయడానికి పోయిన ఇంగ్లండ్, స్కాట్లండ్ ఇంజనీర్లు. అయితే అది సభ్యులది. రియోల గావియా క్లబ్బూ అంతే, సభ్యులెవరన్న పిలిస్తేనే మాట. రియోల ఒలింపిక్ కోర్సు, అంటే ఆ గోల్ఫ్ మైదానం, ఒక్కటి ఎవ్వరైనా పైసలు కట్టి ఆడొచ్చు. ఆడ నాలుగు రోజులుండు. తర్వాత బహియాల పోర్టో సెగురోకు విమానమెక్కి ట్రాంకోసో ఊరి దగ్గరి టెర్రావిస్టా కోర్సుల రెండు రౌండ్లు ఆడు. సముద్రం ఒడ్డు కొండ చరియ అంచున చిన్న పుల్ల మీద బంతి నిలబెట్టి కొట్టుడు మనకు ఈడ దొరకని అనుభవం.

డిసెంబర్ నుంచి మార్చి దాకా పోకు, రియోల వానలు. బహియా తీరంల సాల్వడోర్ దిక్కు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ముసురు. ఒకే దేశం, రెండు వానకాలాలు. రెండూ కలిపి చూడాలంటే ఆగస్టు, సెప్టెంబర్ మంచిది. జూన్‌ల పోతే రియోల సాయంత్రం ఐదుంబావుకే పొద్దు గూకుతది, పగటి తిండి తర్వాత మొదలుపెడితే 18 హోల్స్, అంటే పూర్తి రౌండ్, కావు.

వర్ధన్నపేట చెరువుగట్టు:
అన్నా, ఆ ఒలింపిక్ కోర్సు మీద నాకు అభ్యంతరముంది. అది మరపెండి మడుగు కాడి రక్షిత ప్రాంతం భూమిని కలుపుకొని కట్టింది. దానికి బదులు పక్కన పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు కట్టుకునే హక్కు బిల్డర్‌కిచ్చిండ్రు. రియో జనం ఆడనే గుడారాలేసుకొని కొట్లాడిండ్రు. మన ఊర్ల చెరువు శిఖంల ప్లాట్లు చేస్తే కడుపు మండుతది కదా. ఆడికి పోయి మురిసిపోవుడు నాకు మనసొప్పది.

కాజీపేట జంక్షన్:
తమ్మీ, అపార్ట్‌మెంట్ల ముచ్చట నువ్వు చెప్పింది నిజం, నేను కాదన. అయితే ఆ భూమిల కొంత అప్పటికే ఇసుక తవ్వి పాడుచేసింది. కోర్సు డిజైనర్ గిల్ హాన్స్ అదే ఇసుక నేల మీద చెట్లు పెట్టకుండ, ఆడి పొదలు మళ్లా పెరిగేటట్టు కోర్సు గీసిండు. ఉప్పు నీళ్లకు తట్టుకునే పాస్పాలం గడ్డి కూడా వేసిండ్రు. కాపిబారాలు, అంటే పెద్ద ఎలుక జాతి జంతువులు, ఇప్పటికీ ఆడ తిరుగుతయి. చెడ్డ ఒప్పందమే, కని ఇప్పుడది ఆ ఊరి జనం ఆడుకునే జాగ. మూతపడితే ఆడ పొదలు మిగులుతయా, ఇంకిన్ని అపార్ట్‌మెంట్లు లేస్తయా?

మంచిర్యాల నర్సక్క:
మీరందరు కోర్సుల గురించే మాట్లాడుతున్నరు. ఎల్లో ఫీవర్ టీకా ఎవరూ తీయలే. 2016 నుంచి 2018 దాకా రియో, సావో పాలో రాష్ట్రాలల్ల ఆ జ్వరం చాలామందిని చంపింది. టీకా సర్టిఫికెట్ లేకుండ బ్రెజిల్ నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలనే ఆపి ఆరు రోజుల దాకా వేరుగా ఉంచొచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలె. నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌ల వేస్తరు. ఒక్కసారి వేసుకుంటే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతది. కని 60 దాటినోళ్లకు ఈ టీకాతోని తీవ్రమైన ఇబ్బంది వచ్చే ప్రమాదం కొంత ఎక్కువ. టికెట్ కొనకముందే డాక్టర్‌ను అడుగుండ్రి. అన్నగారూ, దీన్ని చిన్నగ తీసుకోకుండ్రి.

కరీంనగర్ మానేరు:
అందుకే నేనూ బాలే మంచిదంట. ఇండోనేషియా కూడా పెద్ద దేశమే, వేల దీవులు. దిగినంక వీసా తీసుకోవచ్చు, ఐదు లక్షల రూపయ్యాలు, నెల రోజులు. అంకె చూసి భయపడకు, అవి వాళ్ల రూపయ్యాలు. బెదుగుల్ కొండ మీద పాత అగ్నిపర్వతం గుంటల బాలి హందారా కోర్సు ఉంటది. పొద్దుగాల పొగమంచు, చల్లగాలి. వయసు పైబడినోళ్లకు హాయి. గోల్ఫ్ బ్యాగు మోసే క్యాడీలు తోడుంటరు. నువ్వు పోయేది ఆడటానికి, విమానంల కూసోడానికి కాదు.

హన్మకొండ నడక:
నర్సక్కా, టీకా సంగతి మాకు ఎవరికీ తట్టలే. మాలో పెద్దాయనకు షుగర్, గుండెకు స్టెంట్. సోమవారం ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీస్కపోత, నేనూ చూపించుకుంట. ఇద్దరికీ సరే అంటే ఆగస్టు చివర్ల రియో, ట్రాంకోసో, అంతే. అమెజాన్ తీసేసిన. ఒక్కరికి వద్దన్నా నలుగురం బెదుగుల్‌కే పోతం, ఆయన్ని ఇడిసి మేం ముగ్గురం పోయేది లేదు. తమ్మీ, మరపెండి మాట నా మనసుల పడ్డది. పోతే కోర్సొక్కటే కాదు, ఆ మడుగు ఒడ్డున నడిచి అపార్ట్‌మెంట్లు ఎంత దూరం లేచినయో చూసొచ్చి ఈడనే రాస్త.